పాపకు ఓడ టిక్కెట్టు

నా మనవరాలిని ఓడ ఎక్కించి తీసుకురావడానికి అయిన ఖర్చు ఇరవై నాలుగు వేల ఐదు వందల రూపాయలు. అందులో న్యాయంగా కావలసింది నాలుగు వేలు. మిగిలిన ఇరవై వేల ఐదు వందలూ ఒక అబద్ధాన్ని మేపడానికి పోశారు. ఇది 1999 వేసవిలో జరిగింది. ఎన్నేళ్ళయినా తలుచుకుంటే నాకు రోతే.

నేను అనంతపురం జిల్లాలో ముప్పై మూడేళ్ళు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి, 1996 జూన్‌లో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. మా ఆయన అంతకు రెండేళ్ళ ముందే పోయారు. మాకు ఒక్కతే కూతురు. కూతురూ అల్లుడూ మాదాపూర్‌లో ఫ్లాట్ కొనుక్కుని నన్ను వచ్చేయమన్నారు. అల్లుడింట్లో మకాం పెట్టడం నాకు ఇష్టం లేదు. కొత్తగూడలో రెండు గదుల పోర్షన్ పన్నెండు వందల కిరాయికి తీసుకున్నాను. పొద్దున ఎనిమిదిన్నరకు వాళ్ళింటికి నడిచి వెళ్ళడం, వాళ్ళు ఆఫీసుల నుంచి వచ్చేదాకా పాపను చూసుకోవడం, మళ్ళీ నడిచి రావడం. ఆ రోజుల్లో ఆ దారంతా బండలు పేల్చేవాళ్ళు. ఎర్రగుడ్డ పట్టుకుని ఒకడు రోడ్డుకు అడ్డంగా నిలబడితే, పేలుడు అయ్యేదాకా అందరం ఆగాలి. ఇల్లు చేరేసరికి తల మీద పిండి జల్లినట్టు దుమ్ము.

అల్లుడిది కడప జిల్లా. కొత్తగా కట్టిన గుండ్రటి భవనంలో నాలుగో అంతస్తులో ఉద్యోగం. ఏం పని నాయనా అని ఒకసారి అడిగితే ఓపిగ్గానే చెప్పాడు. అమెరికాలో ఏదో బ్యాంకు వాళ్ళ కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెలతో రాసి పెట్టుకున్నారట. రెండువేల సంవత్సరం వస్తే లెక్కలన్నీ తారుమారవుతాయట. అందుకని తారీఖులన్నీ వెతికి సరిచేస్తున్నారు. మంచి పనే అనుకున్నాను. ఆ పని గడువుకు ముందే ముగించినందుకు కంపెనీ వాళ్ళ బృందానికి ఒక బహుమానం ప్రకటించింది: సింగపూర్ దాకా విమానం, అక్కడి నుంచి పెద్ద ఓడలో మూడు రాత్రుల విహారం. భార్యాభర్తలిద్దరికీ ఖర్చంతా కంపెనీదే. పిల్లల్ని తీసుకొస్తే వాళ్ళ ఖర్చు ఎవరిది వాళ్ళదే.

పాపను నా దగ్గర వదిలి వెళ్ళమన్నాను. ఎనిమిది రోజులే కదా. కానీ పాప ఇంకా తల్లిపాలు మానలేదు. రాత్రిపూట తల్లి పక్కన లేకపోతే ఊపిరి బిగబట్టి ఏడ్చేది. అది నిజం, నేను కాదనను. అదీ కాక మిగతా వాళ్ళందరూ పిల్లలతో వస్తున్నారట. సరే, తీసుకెళ్ళమన్నాను.

ఇక్కడ పాప పుట్టుక గురించి చెప్పాలి. పాప 1997 ఆగస్టు 21, గురువారం, సాయంత్రం నాలుగూ యాభైకి మెహదీపట్నంలో ఒక నర్సింగ్ హోమ్‌లో పుట్టింది. బరువు రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. గది బయట బల్ల మీద కూర్చుని, ఏడుపు వినపడగానే గడియారం చూసింది నేను. ఇంటికి పంపేటప్పుడు ఆ వివరాలన్నీ రాసి ఇచ్చిన కాగితం కూడా నేనే దాచాను. నర్సింగ్ హోమ్ వాళ్ళు మునిసిపాలిటీకి పంపవలసిన ఫారాన్ని, తనే ఇస్తానని అల్లుడు తీసుకున్నాడు. ఇవ్వలేదు. మూడు వారాల తర్వాత వాళ్ళ ఊరికి వెళ్ళి, అక్కడి పంచాయితీ నుంచి జనన ధ్రువపత్రం పట్టుకొచ్చాడు. అందులో పాప మే 24న పుట్టింది. మెహదీపట్నంలో కాదు, ఆ ఊళ్ళో, అల్లుడి పెదనాన్న ఇంట్లో పుట్టింది. ఆ ఇంటి గడప ఇప్పటికీ ఆ పిల్ల తొక్కలేదు.

"ఇదేమిటి?" అన్నాను.

"స్కూలు కోసం అత్తా. మే ముప్పై ఒకటికి మూడేళ్ళు నిండితేనే ఎల్‌కేజీలో సీటు ఇస్తారు. ఆగస్టు అని రాయిస్తే ఒక సంవత్సరం దండగ. ఇప్పుడైతే ఒక ఏడు కలిసొస్తాది."

నాకు ఈ మాటలు కొత్త కాదు. ముప్పై మూడేళ్ళు ప్రతి జూన్ నెలలోనూ నా బల్ల ముందు తండ్రులు నిలబడి ఇవే మాటలు చెప్పారు. ఒకడు ఉద్యోగం వయసు మించకూడదని పిల్లవాడికి రెండేళ్ళు తగ్గించమనేవాడు, ఇంకొకడు తొందరగా బడిలో వెయ్యాలని పెంచమనేవాడు. చదువురాని వాళ్ళు నయం. "నాకేం తెలుసమ్మా, వేరుశెనక్కాయలు పీకేటప్పుడు పుట్నాడు, మీరే వేసుకోండి" అనేవాళ్ళు. వాళ్ళది తెలియకపోవడం. తెలిసి, తారీఖు చేతిలో పెట్టుకుని, దాన్ని చెరిపే చదువుకున్నవాళ్ళంటేనే నాకు వెగటు. పుట్టిన రోజు మనిషికి దక్కే మొట్టమొదటి ఆస్తి. మూడు వారాల పసిగుడ్డు దగ్గర దాన్ని కాజేశారు.

అయినా అప్పుడు ఊరుకున్నాను. అల్లుడి ఇంటి వ్యవహారం అనుకున్నాను.

1999 మార్చి మొదటి వారంలో అమీర్‌పేటలో టిక్కెట్ల ఆఫీసుకు అందరం వెళ్ళాం. పాపను ఎత్తుకోవడానికి నేను. బల్ల దగ్గర కూర్చున్నావిడకు నలభై అయిదేళ్ళుంటాయి, హైదరాబాదీ మనిషి, పెద్ద బొట్టు, చేతిలో కాలిక్యులేటర్. పాప బుగ్గ పుణికి, "ఈ బిడ్డ గిట్ల ఒళ్ళో కూసుంటే ఎక్కువ పైసలు కావు, ఫికర్ చెయ్యకుండ్రి" అంది. రెండేళ్ళ లోపు పిల్లలకు విమానంలో పెద్దవాళ్ళ చార్జీలో పదోవంతు. పెద్ద చార్జీ ఇరవై ఒక్క వేలు, కాబట్టి రెండు వేల వంద. ఓడలో రెండేళ్ళ లోపు పిల్లలకు పడక చార్జీ లేదు, రేవు పన్ను మాత్రం పందొమ్మిది వందలు. మొత్తం నాలుగు వేలు. నేను మనసులో వేసుకున్న లెక్కా ఆవిడ లెక్కా ఒకటే.

"పుట్టిన తారీఖు చెప్పుండ్రి సార్."

అల్లుడు చెప్పాడు. మే 24, తొంభై ఏడు.

ఆవిడ క్యాలెండర్ తిప్పింది. "అయ్యో! మీరు వాపస్ వచ్చుడు మే ఇరవై ఎనిమిది గదా. అప్పటికి రెండేండ్లు నిండి నాలుగు దినాలైతది. ఇగ ఇన్‌ఫాంట్ కాదు, చైల్డ్."

"నాలుగు రోజులకు అంత పట్టింపా మేడమ్?"

"నాలుగు దినాలైనా నాలుగేండ్లైనా విమానమోళ్ళకు ఒక్కటే సార్. మీరే జర ఆలస్యంగ కనుంటే పైసలు బచాయించెటోళ్ళు" అని నవ్వింది.

"ఆలస్యంగానే కన్నారమ్మా" అన్నాను నేను.

"ఏందమ్మా?" అంది ఆవిడ.

"ఏంలేదు మేడమ్, పెద్దామె, ఊరికే అంటాది" అన్నాడు అల్లుడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. నా కూతురు తల తిప్పి గోడ మీది విమానం బొమ్మ చూస్తూ కూర్చుంది.

ఆవిడ కొత్త లెక్క వేసింది. విమానంలో చైల్డ్ చార్జీ మూడింట రెండు వంతులు, పద్నాలుగు వేలు. ఓడలో మూడో మనిషి కింద ఎనిమిది వేల ఆరు వందలు. రేవు పన్ను పందొమ్మిది వందలు. వెరసి ఇరవై నాలుగు వేల ఐదు వందలు. నా పెన్షన్ అప్పుడు నెలకు మూడు వేల ఎనిమిది వందలు. ఆరున్నర నెలలు నేను అన్నం తినకుండా, కిరాయి కట్టకుండా ఉంటే తప్ప అంత పోగవదు.

రెండు రోజులు ఆలోచించుకుని చెబుతామని లేచి వచ్చేశాం. కారులో పంజాగుట్ట దాటాక అల్లుడికి ఉపాయం తట్టినట్టుంది, ఈల వేశాడు.

ఇంటికి చేరి కాఫీలు తాగుతుండగా బయటపెట్టాడు. "అత్తా, నర్సింగ్ హోమ్ కాగితం మీ దగ్గర ఉండాది కదా?"

"ఉంది."

"పాస్‌పోర్టుకు ఇంకా అప్లై చెయ్యలేదు. ఆ కాగితం పెట్టి, పురుడు దగ్గరున్నది నేనే అని మీరొక అఫిడవిట్ మీద సంతకం చేస్తే, మునిసిపాలిటీలో ఆగస్టు తారీఖుతో సర్టిఫికెట్ తెస్తాను. దాంతో పాస్‌పోర్టు. ఇరవై వేలు మిగుల్తాయి."

నా ప్రాణం లేచి వచ్చింది. ఏడాదిన్నర తర్వాత ఆ పిల్ల తారీఖు ఆ పిల్లకు తిరిగి వస్తోందనుకున్నాను. "మరి మే నెల కాగితం?" అన్నాను.

"అది స్కూలుకు. రెండూ ఉంటాయి. ఏది ఎక్కడ పనికొస్తే అక్కడ వాడుకుంటాం."

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. నిజాన్ని కూడా ఒక దొంగ కాగితంలాగా, వారానికి కిరాయికి తెచ్చుకునే కుర్చీలాగా మాట్లాడుతున్నాడు. పరాయివాళ్ళ తారీఖులు సరిచేసినందుకు బహుమానం పుచ్చుకుంటున్న మనిషి!

"సంతకం చేస్తాను నాయనా. ఒక్కటే షరతు. ఆ మే నెల కాగితం ఇప్పుడే చించి నా చేతిలో పెట్టు. ఓడకైనా బడికైనా పిల్లకు ఒకటే పుట్టినరోజు."

"అంటే స్కూల్లో ఒక సంవత్సరం పోగొట్టమంటారా?"

"పోయేదేముంది? అది దానిది కాని సంవత్సరం."

"ఇరవై వేలు మిగలబెట్టే కాగితాన్ని ట్రంకుపెట్టెలో పెట్టుకుని దాని మీద కూర్చుంటారా అత్తా? మీ మనవరాలికి పనికిరాని నిజం ఇంకెవరికి? మీ స్కూలు ఇన్‌స్పెక్టరుకా?"

నేను జవాబు చెప్పేలోపే నా కూతురు వంటింట్లో నుంచి వచ్చింది. చంకలో పాప. గొంతు పెంచలేదు.

"ఆపుమా. నీతులు ఎవరికి చెప్తాండావు? నా సర్టిఫికెట్‌లో ఏముండాదో నీకు తెల్దా?"

పాపను ఇంకో చంకలోకి మార్చుకుంది.

"జూన్ ఒకటి. నేను పుట్టింది డిసెంబర్ మూడు. రాసిందెవరు? పంచాయితీ గుమాస్తానా? అడ్మిషన్ రిజిస్టర్లో నీ దస్తూరీ నేను గుర్తుపట్టలేనా? ఆరు నెల్లు పెద్దదాన్నని చెప్పుకుంటానే చదివినాను, ఉద్యోగంలో చేరినాను. జాతకంలో ఒకటి, మార్కుల షీటులో ఒకటి. ఏ రోజన్నా నిన్ను అడిగినానా?"

ఆమె చెప్పిందంతా నిజం. 1974 జూన్. ఆయన ఉద్యోగం వేరే తాలూకాలో. ఇంట్లో పిల్లను చూసేవాళ్ళు లేరు. బడికి నాతో పాటు తీసుకెళ్ళి నా తరగతి గదిలో ఒక మూల కూర్చోబెట్టేదాన్ని. ఇన్‌స్పెక్టర్ వచ్చి, పేరు లేని పిల్ల బడిలో ఎందుకుందని అడిగాడు. పేరు రాయాలంటే అయిదేళ్ళు నిండాలి, దానికి నాలుగున్నర. రిజిస్టర్ తీసి, 1969 డిసెంబర్ 3, బుధవారం పుట్టిన పిల్లకు 1969 జూన్ 1 అని నా చేత్తోనే రాశాను. ఒక్క లైను. పరిస్థితి వేరు అని చెప్పబోయాను. ముప్పై మూడేళ్ళు తండ్రులందరూ నా బల్ల ముందు నిలబడి అన్న మాట అదే: మా పరిస్థితి వేరమ్మా.

అల్లుడు నవ్వలేదు, అది అతని మర్యాద. "సరే అత్తా, మీ కాగితం మీరే ఉంచుకోండి" అన్నాడు. మర్నాడు అమీర్‌పేట వెళ్ళి ఇరవై నాలుగు వేల ఐదు వందలకు చెక్కు ఇచ్చి వచ్చాడు. ఆగస్టు కాగితం తెచ్చుకుంటే బడి వాళ్ళు పాస్‌పోర్టు అడిగిన రోజున దొరికిపోతామని, మే తారీఖే అన్నిచోట్లా ఒకటిగా ఉంటే మంచిదని తర్వాత కూతురు చెప్పింది. డబ్బు పోతే పోనీ, అబద్ధం చెక్కు చెదరకూడదు.

నేను చేసిన తప్పు కూడా రాయాలి. షరతు పెట్టకుండా కాగితం ఇచ్చి సంతకం చేసి ఉంటే, పాస్‌పోర్టులో అయినా ఆగస్టు 21 పడేది. పాస్‌పోర్టు మీద పడిన తారీఖును ఎవరూ సులువుగా మార్చలేరు. బడి దగ్గర రెండు కాగితాలు కొట్టుకుంటే, చివరికి నెగ్గేది అదే. ఒక రోజంతా నిజం నా చేతిలో ఉంది. పూర్తిగా కావాలని పట్టుబట్టి, ఉన్న సగాన్ని పోగొట్టాను. అప్పుడు నాకు అల్లుడి మీద ఎంత అసహ్యం కలిగిందో నా మీద నాకు అంతే కలిగింది, పాళ్ళలో తేడా లేదు.

మే 21 శుక్రవారం వెళ్ళారు, 28 శుక్రవారం వచ్చారు. వచ్చిన మర్నాడు మూటలు విప్పుతూ కథలు చెప్పారు. పద్నాలుగు వేలు పోసి కొన్న విమానం సీటులో పాప ఒక్క నిమిషం కూర్చోలేదట. పోను రాను తల్లి ఒళ్ళోనే. ఆ సీటులో పాలసీసా సంచి కూర్చుంది. ఎనిమిది వేల ఆరు వందల పడక గోడలో నుంచి కిందికి దిగుతుందట. దాని మీద సూట్‌కేసులు పడుకున్నాయి. రెండో రోజు నుంచి పాపకు వాంతులు. తిన్నది తిన్నట్టు, తాగింది తాగినట్టు, తల్లి చీర మీద, తివాచీ మీద, ఒకసారి భోజనాల హాలులో తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద. అక్కడ పొద్దున లేచింది మొదలు అర్ధరాత్రి దాకా తిండే తిండట. పళ్ళేల నిండా వడ్డించుకుని సగం వదిలేసేవాళ్ళట. ఒక్కరూ ఆ కంపులో కూడా తినడం ఆపలేదని కూతురే చెప్పింది, అదీ నవ్వుతూ. ఈత కొలనులోకి పాపను రానివ్వలేదట, గుడ్డలు తడుపుకునే రెండేళ్ళ లోపు పిల్లలకు ప్రవేశం లేదని. రెండేళ్ళు నిండాయని డబ్బు లాగినవాళ్ళే రెండేళ్ళ పిల్ల అని కొలను దగ్గర నమ్మలేదు. సబ్బుబిళ్ళలు, చిన్న షాంపూ సీసాలు, ఓడ పేరున్న రెండు తువ్వాళ్ళు మూటలో తెచ్చుకున్నారు. తువ్వాళ్ళు ఇచ్చారా, తెచ్చారా అని నేను అడగలేదు.

తర్వాత ఫోటోలు చూపించారు. ఒక ఫోటోలో బల్ల మీద పెద్ద కేకు, రెండు కొవ్వొత్తులు. తెల్ల చొక్కాల సిబ్బంది ఆరుగురు చుట్టూ నిలబడి చప్పట్లు కొడుతున్నారు. వాంతులతో పీక్కుపోయిన మొహంతో పాప తల్లి మెడ పట్టుకుని ఏడుస్తోంది.

"ఇదెప్పుడు?" అన్నాను.

"మే ఇరవై నాలుగు అత్తా!" అన్నాడు అల్లుడు ఉత్సాహంగా. "పాస్‌పోర్టు చూసి వాళ్ళే కేకు తెచ్చినారు. మేము అడగనే లేదు. మా వాళ్ళంతా పాట పాడినారు. ఉచితంగా ఇచ్చినారు అత్తా, పైసా తీసుకోలేదు!"

"ఇరవై వేల ఐదు వందల కేకు" అన్నాను.

కూతురు ఆ ఫోటో నా చేతిలోంచి తీసుకుని కట్టలో అడుగున పెట్టింది. జూన్‌లో ఒక పొద్దున వెళ్ళేసరికి దానికి చట్రం కట్టించి హాల్లో తగిలించి ఉంది.

ఆగస్టు 21 శనివారం వచ్చింది. వాళ్ళకు సెలవు, నేను వెళ్ళవలసిన పని లేదు. అయినా తలంటుకు నూనె, సున్నిపిండి, ఒక గిన్నెలో సేమియా పాయసం పట్టుకుని వెళ్ళాను. తలుపు తీసింది అల్లుడు.

"ఏమి అత్తా, శనివారం కూడా వచ్చినారు? పాయసమా! ఈ పొద్దు ఏం పండగ?"

వెటకారమేమో అని అతని మొహం చూశాను. కాదు. నిజంగానే గుర్తు లేదు. రెండేళ్ళ కిందట ఆ సాయంత్రం నాతో పాటు అదే బల్ల మీద కూర్చుని గోళ్ళు కొరుక్కున్న మనిషి. అబద్ధం చెప్పినవాడికైనా నిజం గుర్తుండాలి కదా. ఇతనికి అదీ అరిగిపోయింది. ఓడలో వాంతుల కథ విన్నప్పుడు కూడా నాకు అంత రోత పుట్టలేదు.

వెనక నుంచి కూతురు వచ్చింది. గిన్నె వంక చూసింది, నూనె వంక చూసింది. దాని కళ్ళలో తెలిసింది, దానికి గుర్తుందని. "ఏం పండగ లేదు, ఊరికే చేసిండాదిలే" అని భర్తతో చెప్పి, గిన్నె అందుకుని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి స్నానాల గదిలో పీట వేసి వేడినీళ్ళు తనే తోడింది.

పాప తలకు నూనె పెడుతుండగా పక్క ఫ్లాట్ ఆమె చక్కెర కోసం వచ్చి గుమ్మంలో నిలబడింది. "అబ్బో, తలస్నానమా బిడ్డా? చెప్పు, నీకు ఎన్నేండ్లు?"

పాప రెండు వేళ్ళు ఎత్తి చూపించింది. మే నుంచి నేర్పినట్టున్నారు, తడబడలేదు.

"మూడో ఏడు పడ్డదా? అప్పుడే ఎంత పెద్దగయినవే!" అని ఆమె చక్కెర పట్టుకుని వెళ్ళిపోయింది. నా కూతురు చెంబుతో నీళ్ళు పోసింది. నేను సున్నిపిండి రుద్దాను.

ఆ రెండు వేళ్ళు ఆ రోజుకు నిజం. వచ్చే మే 23 దాకా నిజమే. మే 24న మూడో వేలు ఎత్తడం నేర్పుతారు. అప్పటి నుంచి ఆగస్టు 20 దాకా ఎవరడిగినా ఆ పిల్ల అబద్ధం చెబుతుంది, చెబుతున్నట్టు తనకు తెలియకుండానే. ఏడాదికి ఎనభై తొమ్మిది రోజులు.